ముందు కరెంటు, తర్వాతే గ్రాఫిక్ కార్డు

"గంత పైసలు పెట్టి దానితోని ఏం జేస్తవురా?"

మస్కట్ నుంచి బాపు ఫోన్‌లో అడిగిన మాట ఇది. అప్పటికే మూడు నెలలుగా నేను యూట్యూబ్‌లో పీసీ బిల్డ్ వీడియోలు చూస్తున్నా. నోట్‌బుక్‌లో ఏడు లిస్టులు రాసుకున్నా. ఏ గ్రాఫిక్ కార్డు ఏ గేమ్‌లో ఎన్ని ఫ్రేములు ఇస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. కానీ బాపు ప్రశ్నకి మాత్రం నా దగ్గర సరైన జవాబు లేదు. "చదువుకి బాపూ" అన్నా. రెండు సెకన్లు అవతల సప్పుడు లేదు. "చదువుకైతే గన్ని లైట్లెందుకురా?" అన్నడు. నేను వాట్సాప్‌లో పంపిన ఫొటోలో క్యాబినెట్ నిండా రంగురంగుల లైట్లే ఉన్నాయి మరి.

మన కాలేజీలో ఇప్పుడు చాలామంది ఇదే పనిలో ఉన్నారని నాకు తెలుసు. క్యాంటీన్‌లో కూర్చుంటే చాలు, "3060 తీసుకోవాల్నా, 4060 తీసుకోవాల్నా" అనే చర్చ మొదలవుతుంది. వాళ్లందరికీ నేను చెప్పాలనుకునేది ఒక్కటే. మొదటి పీసీ లిస్టు గ్రాఫిక్ కార్డుతో మొదలుపెట్టొద్దు. ఇంటితో మొదలుపెట్టండి. ఇంట్లో కరెంటు ఎట్లుంది? ఆ మిషన్ మీద రోజూ చేసే పని ఏంటి? పాడైతే ఎవరు ఎంత దూరం తిరగాలి? ఈ మూడింటికి జవాబు దొరికితే సగం పార్టులు వాటంతట అవే తేలిపోతాయి.

ఇది నాకు యూట్యూబ్ నేర్పలేదు. ఒక కాలిన వాసన నేర్పింది.

ఇంటర్ అయిపోయాక సెలవుల్లో మా దగ్గర ఒక ఫొటో స్టూడియోలో ఎడిటింగ్ నేర్చుకుందామని పోయేవాణ్ణి. స్టూడియో అన్న పీసీలో మంచి గ్రాఫిక్ కార్డే ఉంది. ఎస్‌ఎంపీఎస్ మాత్రం క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చింది. ఒకరోజు గాలివానకి కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. యూపీఎస్ ఉంది, కానీ దాని బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. చివరిసారి కరెంటు వచ్చినప్పుడు టప్‌మని ఒక చప్పుడు, తర్వాత వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోలేదు. పోతూ పోతూ మదర్‌బోర్డునీ, హార్డ్ డిస్కునీ తీసుకుపోయింది. ఆ డిస్కులో ఒక పెళ్లి మొత్తం ఉంది. మెమరీ కార్డులు అప్పటికే ఖాళీ చేసి ఇంకో పెళ్లికి వాడేశారు.

పిల్ల తండ్రి వచ్చిండు. మొత్తుకుంటడు అనుకున్నాం. మొత్తుకోలేదు. "అప్పగింతలన్న దొరుకుతయా?" అని ఒక్కటే అడిగిండు. అన్న అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాడు. కానీ అప్పగింతలు మళ్ళీ షూట్ చేయలేం కదా.

అందుకే నా ఎనిమిదో లిస్టులో మొదటి లైను ఎస్‌ఎంపీఎస్.

దాని గురించి కొంచెం వివరంగా చెప్తా. డబ్బా మీద 500 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని నమ్మకండి. పక్కన స్టిక్కర్ మీద చిన్న పట్టిక ఉంటుంది, అందులో 12 వోల్టుల లైను చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు రెండూ ప్రధానంగా తినేది ఆ లైను నుంచే. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే 12 ఇంటూ 18, అంటే 216 వాట్లు. పేరుకి 500, పనికొచ్చేది 216. ఇప్పుడు లెక్క వేయండి. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఒక్కదానికే 170 వాట్లు కావాలి. ఇంటెల్ ఐ5-12400 పూర్తి లోడు మీద 117 వాట్ల దాకా పోతుంది. రెండూ కలిస్తే 287. మనం ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ఫార్ములానే ఇది. ఎంసెట్ కోసం వంద సార్లు వాడిన దాన్ని వేలు పోసి కొనేటప్పుడు ఒక్కసారి వాడం.

రెండో లైను ఎర్తింగ్. ఇది కొనేది కాదు, చూసుకునేది. పీసీ క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటుందా? చాలామంది దాన్ని "స్టాటిక్" అనుకుంటారు. మూడో పిన్నుకి ఎర్త్ లేకపోతే, ఎస్‌ఎంపీఎస్ లోపల ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ రేకు మీదికి కొంత వోల్టేజీ వస్తుంది. ఆ రేకుకే మన ఆడియో వైర్లు, పెన్ డ్రైవులు, మైకులు తగిలించి ఉంటాయి. రికార్డింగ్‌లో వచ్చే బుయ్యిమనే శబ్దానికి చాలాసార్లు కారణం మైకు కాదు, గోడలోని సాకెట్. మా ఇంట్లో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వైరు సరిచేయించడానికి అయిన ఖర్చు ఒక ఆర్‌జీబీ ఫ్యాను కన్నా తక్కువ.

మూడోది యూపీఎస్. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు మోసేది 360 వాట్లే. వీఏ వేరు, వాట్లు వేరు. రేపు గ్రాఫిక్ కార్డు పెట్టి గేమ్ ఆడుతుంటే కరెంటు పోయిందనుకోండి, ఆ చిన్న యూపీఎస్ బరువు మోయలేక పీసీతో పాటు అదీ ఆరిపోవచ్చు. అందుకే నేను 1100 వీఏది తీసుకున్నా. దీని పని గంటసేపు గేమ్ ఆడించడం కాదు. ఫైల్ సేవ్ చేసి పద్ధతిగా షట్‌డౌన్ చేయడానికి ఐదు నిమిషాలు ఇస్తే చాలు.

ఇప్పుడు ప్రాసెసర్ దగ్గరికొద్దాం. ఇక్కడే బాపు ప్రశ్న పనికొచ్చింది. నేను దానితో ఏం చేస్తా? నిజాయితీగా కాగితం మీద రాసుకున్నా. కాలేజీ కోడింగ్, స్టూడియో అన్న కోసం వీడియో ఎడిటింగ్, రాత్రి గంటసేపు గేమ్. కోడింగ్‌కి ఏదైనా చాలు. ఎడిటింగ్‌కి నేను ఐ5-12400 ఎంచుకున్నా. 12400ఎఫ్ కొంచెం తక్కువకి వస్తుంది, యూట్యూబ్ బిల్డుల్లో అదే ఎక్కువ కనిపిస్తుంది. కానీ ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. అంటే కార్డు లేకపోతే, లేదా కార్డు పాడైతే, స్క్రీన్ మీద బొమ్మే రాదు. ఇంకో నష్టం కూడా ఉంది. ఆ లోపలి గ్రాఫిక్స్‌లోనే క్విక్ సింక్ అనేది ఉంటుంది. ఫోన్లూ కెమెరాలూ తీసే హెచ్.264, హెచ్.265 వీడియోల్ని విప్పడానికే తయారుచేసిన భాగం అది. ప్రీమియర్ ప్రో దాన్ని వాడుకుంటుంది, రికార్డింగ్‌కి ఓబీఎస్ కూడా వాడుకుంటుంది. ఎడిటింగ్ చేస్తా అని చెప్పి ఎఫ్ కొనడం అంటే, పొలం పని ఉందని చెప్పి ట్రాలీ లేని ట్రాక్టర్ కొన్నట్టే.

మదర్‌బోర్డు నాలుగు ర్యామ్ స్లాట్లున్న బీ660 డీడీఆర్4 తీసుకున్నా. హెచ్610 బోర్డుల్లో మామూలుగా రెండే స్లాట్లు ఉంటాయి. ఇప్పుడు 8 జీబీవి రెండు పెట్టి, సంక్రాంతికి ఇంకో రెండు పెడదామని ప్లాన్. ఇక్కడ నేను దెబ్బతిన్నా, అది కూడా చెప్పాలి. నేను పార్టులు కొన్నది 2025 దసరా సెలవుల్లో. ఆ తర్వాత ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఎగబాకాయి. డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ మనలాంటి వాళ్లకి అమ్మే క్రూషియల్ బ్రాండు వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించింది. ఎక్కడో చాట్‌బాట్లు నడపడానికి చిప్పులు పోతే, ఎల్లారెడ్డిపేటలో నా రెండు స్లాట్లు ఖాళీగా మిగిలాయి. తర్వాత కొనొచ్చు అనుకునే పార్టు తర్వాత ఇంకా చవకవుతుందనే గ్యారంటీ లేదు.

స్టోరేజీకి 1 టీబీ ఎన్‌వీఎంఈ ఒకటి, దానికి తోడు బయట పెట్టుకునే హార్డ్ డిస్కు ఒకటి. పెళ్లి ఫుటేజీ రెండింట్లోకీ వచ్చేదాకా మెమరీ కార్డు ఖాళీ చేయను. ఈ ఒక్క రూలు ఆ స్టూడియోలో ఉండి ఉంటే అప్పగింతలు మిగిలేవి.

క్యాబినెట్‌కి ముందు జాలీ, దానికి ఫిల్టర్ ఉందా అని చూశా. వరి కోతల టైంలో మా ఇంట్లోకి వచ్చే దుమ్ము ఏ రివ్యూలోనూ ఉండదు.

ఇక గ్రాఫిక్ కార్డు. ఆ స్లాటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

అవును. బాపు ఒప్పుకున్న 50 వేలు పైవాటికే అయిపోయాయి. మానిటర్ కూడా స్టూడియో అన్న ఇచ్చిన పాతదే. మా గ్యాంగ్ దీన్ని "పెళ్లికొడుకు లేని బరాత్" అంటారు. నవ్వుకోనీ. ఇబ్బంది లేదని నేను అబద్ధం చెప్పను. 4కే వీడియో నేరుగా టైమ్‌లైన్ మీద పెడితే మిషన్ మూలుగుతుంది. అందుకే ప్రాక్సీలు చేసుకుంటా. అంటే ఒరిజినల్ వీడియోకి చిన్న సైజు నకళ్లు తయారుచేసి, వాటితో ఎడిట్ చేసి, చివర్లో ఒరిజినల్ నుంచే ఎక్స్‌పోర్ట్ చేయడం. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో కూడా ఈ సౌకర్యం ఉంది, అల్ట్రా హెచ్‌డీ దాకా ఎక్స్‌పోర్ట్ అవుతుంది. టైం ఎక్కువ పడుతుంది, నిజమే. రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటా. వాలరెంట్ సెట్టింగులు తగ్గించి ఆడుకుంటా. జీటీఏ 5 ఆడాలంటే బొమ్మ మసకగా ఉంటుంది.

"అయితే ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చు కదా?" అని అడిగారు. హాస్టల్‌లో ఉండేవాళ్లు ల్యాప్‌టాపే కొనండి, అందులో వాదన లేదు. నేను రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ణి. నా మిషన్ ఇంట్లోనే ఉంటుంది, పార్టు పార్టుగా పెరుగుతుంది. ఇంకొందరు "ఎస్‌ఎంపీఎస్‌కీ యూపీఎస్‌కీ పెట్టిన పైసలు కార్డుకి పెడితే ఫ్రేములు డబుల్ అయ్యేవి" అంటారు. అవును, అయ్యేవి. కానీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ పక్క వీధిలో ఉండేవాడి లెక్క వేరు. పార్టు పాడైతే సాయంత్రం నడిచిపోయి మార్చుకుంటాడు. నాకైతే జూబ్లీ బస్ స్టేషన్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, ఒక రోజు క్లాసులు పోవుడు, వారంటీ తేలేదాకా ఎదురుచూపులు. అందుకే పాడు కాకపోవడం కూడా నా దృష్టిలో ఒక పర్ఫార్మెన్సే. బెంచ్‌మార్క్ చార్టులో దానికి గడి ఉండదు అంతే.

ఇంట్లో గేమ్స్ గురించి దాచొద్దని కూడా నా సలహా. "చదువుకి" అని కొంటే ఆడినప్పుడల్లా దొంగతనంలా ఉంటుంది. ఎడిటింగ్ టైంపాస్ అనుకునే పెద్దవాళ్లకి మన పక్క జిల్లానే చూపించొచ్చు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో, గంగవ్వని 2020లో బిగ్‌బాస్ దాకా తీసుకుపోయింది. మన యాస, మన ఊరి ముచ్చట్లతోనే అది జరిగింది. నేను కూడా రెండోసారి ఫోన్ చేసినప్పుడు నిజమే చెప్పా. "ఎడిటింగ్ చేసి సంపాదిస్త, రాత్రి గంట ఆడుకుంట. గ్రాఫిక్ కార్డు పైసలు నువ్వు పంపకు, మిషనే సంపాదించాలె." అప్పుడు బాపు లైట్ల గురించి అడగలేదు. "కరెంటు పోతే ఎట్లరా?" అని అడిగిండు. ఎనిమిదో లిస్టు చదివి వినిపించా.

ఇప్పటిదాకా మూడు పెళ్లిళ్లు, రెండు జానపద పాటలు ఎడిట్ చేశా. కార్డు కోసం 9 వేలు పక్కన పడ్డాయి. ఇంకా చాలా కావాలి.

మొన్న రాత్రి పీసీలో బాపుతో వీడియో కాల్ మాట్లాడుతుంటే కరెంటు పోయింది. ఇల్లంతా చీకటి. యూపీఎస్ కీచుమంది, స్క్రీన్ మాత్రం ఆరలేదు. నేను గర్వంగా "చూసినవా బాపూ!" అన్నా. బాపు మొహం కదలట్లేదు. వైఫై రూటర్‌ని యూపీఎస్‌కి తగిలించడం మర్చిపోయా.

ఇప్పుడు తగిలించా. మీరు మర్చిపోకండి.