ముందు మన గ్లాసుల సంగతి తేల్చుదాం

మొన్న ఏప్రిల్ 14న పాతపట్నంలో మేం ఊరేగింపు తీశాం. నీలం జెండాలు పట్టాం. బాబాసాహెబ్‌కి దండలేశాం. రెండు గ్లాసుల పద్ధతి నశించాలని గొంతు చించుకుని అరిచాం. మరి సాయంత్రం ఏం చేశాం? చందాల్లో మిగిలిన డబ్బుతో సీసాలు తెచ్చుకున్నాం. పొద్దుట్నించీ వీధి ఊడ్చిన రెల్లి ముసలమ్మ దాహమని అడిగితే మా పేట ఇంట్లోంచే వేరే గ్లాసు వచ్చింది. తెచ్చింది అగ్రకులం వాడు కాదు. మనవాడే.

ఆమె గ్లాసు చూసింది. మమ్మల్ని చూసింది. "ఏటి బావూ, పొద్దున్న అరిసినారు, ఈ గళాసు గురించేనా?" అంది.

మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అందుకే ఇది రాస్తున్నాం.

బాబాసాహెబ్ అంటే మనకి రిజర్వేషనూ, రాజ్యాంగమూ, చెయ్యి చాపిన విగ్రహమూ. ఆయన మనల్ని తిట్టిన సంగతి మాత్రం మనకి గుర్తుండదు. 1927 మార్చిలో మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగి హక్కు చాటిన సభలోనే, చచ్చిన గొడ్డు మాంసం మానమన్నాడు, విసిరేసిన ఎంగిలి మెతుకులు ముట్టొద్దన్నాడు. అదే ఏడాది డిసెంబరులో అక్కడే మనుస్మృతిని తగలబెట్టించాడు. ఆ రోజుల్లోనే ఆడవాళ్లని కూర్చోబెట్టి, తాగొచ్చిన మొగుడికీ కొడుక్కీ అన్నం పెట్టొద్దని చెప్పాడు. శత్రువు పుస్తకాన్ని కాల్చినాయనే మన సీసాని కూడా వేలెత్తి చూపించాడు. మొదటిది మనకి నచ్చింది. రెండోది మింగుడు పడలేదు.

హిందువుగా చావనని 1935లో యేవలాలో ప్రకటించాడు. దీక్ష తీసుకున్నది 1956 అక్టోబరు 14న, నాగపూర్‌లో. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్లు. ఆనాడు లక్షల మంది చేత 22 ప్రమాణాలు చేయించాడు. దేవుళ్లని వదిలేస్తామన్న మాటతో ఆ జాబితా అయిపోలేదు. మనుషులంతా సమానమని నమ్ముతాం, ఆ సమానత్వం కోసం పాటుపడతాం, దొంగతనం చెయ్యం, అబద్ధమాడం, మత్తు ముట్టం, ఇది మాకు కొత్త పుట్టుక అన్న మాటలూ అందులో ఉన్నాయి. పేరు మార్చుకోడానికైతే ఇన్ని ప్రమాణాలెందుకు? బతుకు మార్చుకోడానికి!

బుద్ధుడు మనకి పరాయివాడు కాదు. మన వంశధార ఒడ్డునే శాలిహుండం కొండ మీద స్తూపాలున్నాయి. అక్కడికి పిక్నిక్‌కి వెళ్తాం, ఫోటోలు దిగుతాం, వచ్చేస్తాం. ఇంకొందరి తాతలు క్రీస్తుని నమ్ముకున్నారు. దేవుడు మారాడు, పాట మారింది. కంచం పొత్తు, మంచం పొత్తు మాత్రం మారలేదు. పైడివాడు రెల్లివాడింట తినడు, మాలవాడు మాదిగవాడికి పిల్లనివ్వడు. మనువు రాసిన నిచ్చెన మీద మన మెట్టు కింద ఇంకో మెట్టుందని మురిసిపోయేవాడు మనువుకి శత్రువెలా అవుతాడు?

"బయట శత్రువు కత్తి పట్టుకునుంటే మీరు ఇంట్లో తప్పులెతుకుతున్నారా?" అని కొందరన్నలు కోప్పడుతున్నారు. శత్రువుని మేం మర్చిపోలేదు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించిన భూముల తగాదాలో మనవాళ్లని అయిదుగుర్ని చంపారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఏదీ మరువం. "ముందు శుభ్రంగా ఉండండి, తాగుడు మానండి, అప్పుడు సమానత్వం ఇస్తాం" అనే పెద్దమనుషుల నీతి కూడా మాకు తెలుసు. అది మోసం. హక్కు మంచి నడతకిచ్చే బహుమానం కాదు. తాగుబోతుకీ హక్కుంది, దాన్ని కాదనే అధికారం ఎవడికీ లేదు.

కానీ తాగి పడిపోయినవాడు రేపు కోర్టు బోనులో సాక్ష్యం చెప్పగలడా? రాత్రి పెళ్లాన్ని కొట్టినవాడు పొద్దున్న ఆత్మగౌరవమంటే ఆమె నమ్ముతుందా? రెల్లి వీధికి దెబ్బ తగిలితే రాని పేట, తనకి దెబ్బ తగిలినప్పుడు ఎవర్ని పిలుస్తుంది? దొరలకి నచ్చాలని కాదు, దొరల ముందు నిలబడాలని మారమంటున్నాం.

సర్కారు మారుస్తుందని చూడకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997కల్లా నిషేధం ఎత్తేశారు. మన తాగుడు ఖజానాకి రాబడి! వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. దాని మీద ఎవరి వాదన వాళ్లకుండొచ్చు. కానీ ఏ కోర్టూ మన ఇంటికొచ్చి ఆ రెండో గ్లాసుని అటకెక్కించదు. అది మన చేతి పని.

అందుకని మేం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. చందా లెక్క పైసాతో సహా పేట మధ్యలో, ఆడవాళ్ల ముందు చదవాలి. జయంతి డబ్బుతో సీసా కొన్నవాడు సంఘంలో ఉండడు. పెళ్లాం మీద చెయ్యి చేసుకున్నవాడి చేతికి జెండా ఇవ్వం. కమిటీలో రెల్లి వీధికి చోటుండాలి, ఊడవడానికి కాదు, నిర్ణయించడానికి. వచ్చే అక్టోబరు 14న మేమంతా ఆ ముసలమ్మ ఇంటికెళ్లి, ఆమె గ్లాసుతో నీళ్లు తాగి, ఆమె వండింది తిని వస్తాం. ముందుగా తప్పయిందని చెప్తాం. రానిస్తుందో లేదో ఆమె ఇష్టం.

అన్నలూ, అక్కలూ! మీ పేటలోనూ రెండో గ్లాసుందేమో వెతకండి. దొరికితే దాచకండి, బయటపెట్టండి. ఊళ్లో టీకొట్టువాడి గ్లాసు గురించి అడిగే నోరు మనకి అప్పుడే వస్తుంది.

జై భీమ్!