చూసినందుకు డబ్బులా?

"చూసినందుకే 500 రూపాయలా!" అంటూ మా అక్క కొడుకు నోరు వెళ్ళబెట్టాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికి మూడు నెలలుగా, కారులో నీళ్ళు ఎక్కడ కారిపోతున్నాయో తెలియకుండానే సామాను మీద సామాను మార్పించి, 90,000 రూపాయలు కిక్కురుమనకుండా కట్టినవాడు వాడు. ఆ కారే చోటేదో అరగంటలో పట్టి చూపించిన మనిషికి 500 ఇవ్వడానికి మాత్రం ప్రాణం గిలగిల్లాడింది.

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, ఇది కార్ల గొడవ, మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. ఇది అచ్చంగా మన ఇంటి గొడవే. ఎట్లాగో చెప్తాను.

మావాడికి హైదరాబాదులో ఉద్యోగం. పెళ్ళి కాలేదు గనక జీతం ఏం చేసుకోవాలో తోచక, ఓ ఫారిన్ స్పోర్ట్స్ కారు సెకండ్‌హాండ్‌లో కొన్నాడు. ఎర్రగా, నేలను కరుచుకుని ఉంటుంది. ఉన్నవి రెండే సీట్లు. మామూలు కారులోకి ఎక్కుతాం, దీంట్లోకి దిగాలి. మళ్ళీ పైకి రావడం ఎంత పనో నా మోకాళ్ళనడగండి. పైగా దాని తీరే వేరు. ఇంజను సీట్ల వెనక ఉంటుంది. దాన్ని చల్లబరిచే రేడియేటర్లు ముందుంటాయి. ఈ రెంటికీ మధ్య నీళ్ళు తిరిగే గొట్టాలు కారు పొట్ట కింద నుంచి పోతాయి. వాటన్నిటికీ వెనక ఇద్దరి గుడ్డలు పట్టేంత డిక్కీ.

దసరాకి కరీంనగర్ వచ్చి, "చిన్నమ్మా, కుంటాల జలపాతం చూపిస్త పద" అన్నాడు. రెండే సీట్లు గనక వాడూ నేనూ అందులో. మా ఆయనా, అక్కా వెనక మా పాత కారులో. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటి, ఆర్మూరు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, సోన్ దగ్గర గోదావరి దాటి నిర్మల్ చేరేదాకా ప్రయాణం మహారాజులా సాగింది. అక్కణ్ణించి, నాలుగు వరసల రోడ్డుండగా, చూడముచ్చటగా ఉంటుందని వాడు పాత మహబూబ్ ఘాట్ దారి పట్టాడు. సగం ఎక్కామో లేదో, వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోయింది. జలపాతం చూడ్డానికి బయల్దేరినవాళ్ళం రోడ్డు పక్కన రాళ్ళ మీద కూర్చుని ఆవిరి చూశాం.

కారు దిగి డిక్కీ దగ్గరికి పోయినప్పుడే నాకు ఏదో తియ్యటి వాసన కొట్టింది. చెప్పాను. "నీ పులిహోర క్యారియర్ మూత ఊడిందేమో చూసుకో" అన్నారు మా ఆయన. పులిహోర తియ్యగా ఉంటుందా అని అడిగే ఓపిక లేక ఊరుకున్నాను. ఊరుకోవడమే నేను చేసిన తప్పు.

కబురంపితే మెకానిక్కు వచ్చాడు. నేను ఆ వాసన సంగతి మొదలుపెట్టేలోపే, "అమ్మా, మీరు గా చెట్టు కింద కూసోండ్రి, నేను సారుతోని మాట్లాడుత" అన్నాడు. మాట్లాడాడు. ఒక్క మూత విప్పలేదు, ఒక్క గొట్టం తడిమి చూడలేదు. "పంపు పోయింది సార్, మార్వాలె" అని తేల్చేశాడు.

ఆ తర్వాత కథ హైదరాబాదుకు మారింది. పంపు మార్చారు. పదిహేను రోజులకు నీళ్ళు మళ్ళీ తగ్గాయి. థర్మోస్టాట్ మార్చారు. మళ్ళీ తగ్గాయి. రబ్బరు గొట్టాలన్నీ మార్చారు. బిల్లులు మారాయి గానీ జబ్బు మారలేదు. "కింద ఒక్క చుక్క కూడా కారట్లేదు సార్, లీకు లేదు" అని వాళ్ళంటారు. లీకు లేకపోతే నీళ్ళెటు పోతున్నాయి నాయనా? ఎవడైనా తాగుతున్నాడా?

సంక్రాంతికి మావాడు మళ్ళీ కరీంనగర్ వచ్చాడు, దారిలో సిద్దిపేట దగ్గర ఆగి నీళ్ళు పోసుకుని మరీ. అక్క పంపిన సకినాల డబ్బా తీద్దామని డిక్కీలో చెయ్యి పెట్టాను. కార్పెట్ ఓ మూల చెమ్మగా, జిగటగా ఉంది. వేళ్ళు వాసన చూస్తే అదే తియ్యటి వాసన. పాకం కాచినప్పటి వాసన. "వాటర్ బాటిల్ ఒలికి ఉంటది చిన్నమ్మా" అన్నాడు వాడు. ఈసారి నేను ఊరుకోలేదు. ఊరి చివర షెడ్డుకు పద అని వాణ్ణి బయల్దేరదీశాను.

ఆ షెడ్డు పెద్దాయన కారు చుట్టూ తిరిగి, మావాడు చెప్పిందంతా విని, నా వైపు తిరిగి, "వాసన ఎట్లుందమ్మా?" అని అడిగాడు. మూడు నెలల్లో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. "బెల్లం పాకం లెక్క" అన్నాను. ఆయన తలూపి, ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగమన్నాడు. చల్లారాక నీళ్ళు పోసే మూత తీసి, ఆ చోట సైకిలు పంపులాంటి ఓ చేతిపంపు బిగించాడు. దానికి గుండ్రటి మీటరుంది. మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి వచ్చేదాకా గాలి కొట్టి, ఓ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మేం కూడా కూర్చున్నాం. ముల్లు మెల్లమెల్లగా కిందికి దిగసాగింది. లీకు ఉన్నట్టే! కారు కింద చూస్తే పొడి పొడి. అప్పుడాయన డిక్కీలో కార్పెట్టు తీసి, పక్క పలక విప్పి, టార్చి వేసి, "చూడమ్మా" అన్నాడు. కూలెంటు నిలవుండే ప్లాస్టిక్ ట్యాంకుకి వెంట్రుకంత చీలిక. దాని మీద చెమట బిందువులా ఒక్క చుక్క.

ఎందుకిన్నాళ్ళూ దొరకలేదంటారా? ప్లాస్టిక్కు ఏళ్ళ తరబడి కాగి, చల్లారి, కాగి, చల్లారి పెళుసెక్కుతుంది. ఒత్తిడి ఉన్నప్పుడు ఆ చీలిక నోరు తెరుస్తుంది, లేనప్పుడు మూసుకుంటుంది. షాపులో చల్లగా నిలబెట్టి చూసిన వాళ్ళకు ఏం కనిపిస్తుంది? కారినదేమో నేల మీద పడకుండా కార్పెట్టు తాగేసింది.

ఇప్పుడు మన కుక్కర్ సంగతి చెప్తాను. కారులో నీళ్ళు తిరిగే ఏర్పాటు అంటే ప్రెషర్ కుక్కరే. కుక్కర్ వెయిటు చేసే పనే రేడియేటర్ మూత చేస్తుంది. రెండింట్లోనూ ఒత్తిడి సుమారు 15 పౌండ్లు. ఆ ఒత్తిడికి నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాక 120 దగ్గర మరుగుతాయి. అంచేతే వేడి ఇంజను మీద మూత తియ్యొద్దంటారు. కూతకొచ్చిన కుక్కర్ మూత మీరు తీస్తారా? మరి ఆ కుక్కర్ ఓ రోజు కూత వెయ్యలేదనుకోండి. మీరేం చేస్తారు? నీళ్ళున్నాయా చూస్తారు. వెయిటు కింద బెజ్జంలో పప్పు అడ్డం పడిందేమో చూస్తారు. అంచు మీదుగా ఆవిరి బుస్సుమంటోందా అని చెవి పెట్టి, గాస్కెట్టు తిప్పి చూస్తారు. అంతేగానీ మొదటిరోజు మూత, రెండోరోజు గిన్నె, మూడోరోజు స్టవ్వు మార్చేస్తారా? అట్లా మార్చిన కోడల్ని ఏ అత్తగారైనా బతకనిస్తుందా? 90,000 పోసి మావాడు చేసింది అదే. వాడు చేస్తే దాని పేరు రిపేరు.

పోనీ, అనవసరంగా మారిస్తే డబ్బే కదా పోయింది అనడానికీ లేదు. మార్చిన ప్రతిసారీ పాత కూలెంటు వంచేసి, కొత్తది నింపాలి. ముందు రేడియేటర్లు, వెనక ఇంజను ఉన్న ఇట్లాంటి కార్లలో ఆ పొడుగాటి గొట్టాల్లో గాలి నిలబడిపోతుంది. గాలి నిలిచిన చోట నీళ్ళుండవు. నీళ్ళు లేనిచోట ఇంజను మరీ కాగుతుంది. ఆ గాలంతా జాగ్రత్తగా వెళ్ళగొట్టకపోతే పాత జబ్బు మీద కొత్త జబ్బు. సిలిండర్ హెడ్డు వంకరపోయిందా, అప్పుడిక బిల్లుకి హద్దుండదు. ఘాట్ రోడ్డు మలుపులో బండి ఆగితే వెనక వచ్చే లారీవాడికి ఇవన్నీ ఎవరు చెప్తారు?

"నీళ్ళు పోసుకుంటూ పోతే సరి, మా నాయన అంబాసిడర్ని ముప్పై ఏళ్ళు అట్లాగే నడిపాడు" అనే పెద్దమనుషులు మా వీధిలోనూ ఉన్నారు. అయ్యా, మన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, ఏనాడైనా తోమి చూశారా? ఆ పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. కూలెంటు చలిదేశాల సోకు కాదు. నీళ్ళు మరిగే డిగ్రీని పెంచుతుంది, తుప్పు పట్టనివ్వదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రామగుండం దారిలో దాని అవసరం మనకే ఎక్కువ. ఇంకోమాట. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది గానీ అది విషం. వాకిట్లో రంగు మడుగు కనిపిస్తే పిల్లలూ కుక్కలూ ముట్టకముందే కడిగెయ్యండి. నేనూ వాసనే చూశాను, నాలిక్కి తగిలించలేదు.

అసలు తప్పెవరిదంటే, మెకానిక్కులదని అందరూ అంటారు. నేననను. తప్పు మనది. కారణం వెతకడం ఓ పనిగా మనం ఒప్పుకోం. పంపు మారిస్తే కొత్త పంపు కళ్ళ ముందుంటుంది, డబ్బిస్తాం. అరగంట కూర్చుని, ముల్లు చూసి, "పంపు బాగానే ఉంది, మార్చనక్కర్లేదు" అన్నవాడికి ఏమిస్తాం? ఓ టీ ఇప్పిస్తాం. మరి వాడు పిల్లల్ని ఎట్లా సాకాలి? ఏదో ఒకటి మార్చి, ఆ సామాను మీద తన కూలి రాబట్టుకుంటాడు. ఆ విద్య వాడికి నేర్పిన గురువులం మనమే.

"చూశానని చెప్పి 500 నొక్కేస్తే?" అంటారా? అందుకే మీరూ కూర్చుని చూడండి. మీటరు ముల్లు దిగితే మీ కంటికే కనిపిస్తుంది, దానికి చదువక్కర్లేదు. దిగలేదంటే పంపు, గొట్టాలు మార్చమన్నవాణ్ణి ఎందుకని అడగండి. కారు కింద చుక్కలు పడితే రంగు చూడండి. తెల్లగా, వాసన లేకుండా ఉంటే అది ఏసీ నీళ్ళు, భయం లేదు. పచ్చగానో గులాబీగానో ఉండి తియ్యటి వాసనేస్తే కూలెంటు. కాళ్ళ దగ్గర కార్పెట్టు తడిస్తే హీటరు వైపు చూడమనండి. ఇంజనాయిలు పాలు కలిపిన టీలాగా మారినా, పొగగొట్టం లోంచి తియ్యటి తెల్లపొగ ఆగకుండా వచ్చినా బండి కదపకండి. నీళ్ళు ఇంజను లోపలికే పోతున్నాయన్నమాట. పాలు విరిగాయని ఇంటిల్లిపాదికన్నా ముందు పసిగట్టే ముక్కు మనది. ఆ ముక్కు చెప్పిన మాటను చెట్టు కింద కూర్చోబెట్టనివ్వకండి.

ఆ రోజు 500 నేనే ఇచ్చాను. మావాడు సిగ్గుపడి, ట్యాంకు తెప్పించి ఆయన చేతనే వేయించుకున్నాడు. ఆ తర్వాత నీళ్ళు తగ్గలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. దీపావళి ముందు మా మిక్సీ ఆగిపోతే పిలిచిన కుర్రవాడు విప్పి చూసి, "ఏం పోలేదమ్మా, స్విచ్చిల పిండి ఇరుక్కున్నది" అని తుడిచిచ్చి 100 రూపాయలడిగితే, "చూసినందుకు డబ్బులేంటి నాయనా?" అన్నది సాక్షాత్తూ నేనే. మావాడి మీద అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. మొన్న ఆ కుర్రవాడు మా వీధిలో కనిపిస్తే పిలిచి 100 చేతిలో పెట్టాను.

"ఏం మార్చాడని?" అన్నారు మా ఆయన పేపర్లోంచి తలెత్తి.

"ఏమీ మార్చలేదు. అందుకే ఇచ్చాను" అన్నాను.