డాలసా? డెన్వరా?

నెల రోజులుగా మా ఇంట్లో ఒకటే చర్చ. రెండు ఊళ్ళలోనూ నాకు ఉద్యోగం వచ్చింది. డాలస్‌లో జీతం ఎక్కువ. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, మనవాళ్ళూ ఎక్కువే. కానీ వేసవిలో ఎండ వంద డిగ్రీలు దాటితే పిల్లలు ఇంట్లోనే. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తున ఉంది, సాయంత్రానికి చల్లబడుతుంది. రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ కారులో సుమారు రెండు గంటలు.

మా ఆవిడా నేనూ కాగితం మీద లెక్కలు వేస్తుంటే, మా ఎనిమిదేళ్ళ అమ్మాయి అడిగింది: "నాన్నా, ఏ ఊళ్ళో అయితే నువ్వు చీకటి పడకముందు ఇంటికొస్తావు?"

ఆ లెక్క మా కాగితంలో లేదు! మర్నాడే రెండు కంపెనీలకూ ఫోన్ చేసి పనివేళలు కనుక్కున్నాను. డెన్వర్‌లో ఐదింటికల్లా బయటపడొచ్చట. జీతం తగ్గినా సరే, సామాను సర్దుతున్నాం. మీరూ ఊరు మారేముందు పిల్లల్ని ఓ మాట అడగండి.