గోదురు కప్పను బతకనివ్వాలి

వానల కోసం కప్పతల్లి ఆడే మన పల్లెల్లోనే, వాకిట్లోకి వచ్చిన గోదురు కప్పను కర్రతో కొట్టి చంపడమూ కనిపిస్తుంది. పిట్లం లాంటి వరి పండే మండలానికి ఇది చేటు. పగలంతా రాళ్ల కింద, బొరియల్లో దాగే ఈ జీవి చీకటి పడ్డాక చీమలు, చెదలు, పెంకు పురుగులను ఏరుకు తింటుంది. వీధి దీపాల కింద అది కాపు కాసేది రాలిపడే పురుగుల కోసమే. పైసా ఖర్చు లేని ఈ సాయాన్ని మనమే కాదనుకుంటున్నాం.

ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది అపోహ. అవి మనుషుల మధ్య వ్యాపించే వైరస్ వల్ల వస్తాయి. విషం మాట మాత్రం నిజమే. కళ్ల వెనుక ఉబ్బిన గ్రంథుల్లో తెల్లటి విషపు పాలుంటాయి. కరిచిన కుక్క నురగలు కక్కుతుంది, కప్పను తింటే మనిషికీ ప్రాణాపాయమే. అయితే అది వెంటపడి విషం చిమ్మదు. చేతులు కడుక్కుంటే చాలు. ఈ జాతే మడగాస్కర్‌లో బెడదైంది కదా అనవచ్చు. 2014లో అక్కడ బయటపడింది పరాయి జీవిగా. ఈ విషానికి అలవాటుపడని జంతువులకు అది ముప్పు. ఇక్కడ అది పుట్టుక నుంచీ ఉన్నదే, దాన్ని తినగల నీరుకట్టు పాములూ ఉన్నాయి.

అసలు దెబ్బ నీళ్లలో తగులుతుంది. ఆడకప్ప నిలిచిన నీళ్లలో జిగురు దారాల్లా వేల గుడ్లు పెడుతుంది. నల్లటి తోకకప్పలు కాళ్లొచ్చి గట్టెక్కడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో పొలం పక్క గుంటల్లోకి పురుగుమందు చేరనివ్వకుండా, మందు డబ్బాలు కాలువల్లో కడగకుండా చూడమని వ్యవసాయ శాఖ రైతులకు చెప్పాలి.