కత్తికి సూదంటురాయి పట్టు

ఈ వారం ఉత్తరాల్లో ఒకటి బాల్కొండ నుంచి వచ్చింది. మామూలుగా మనకు వచ్చేవన్నీ ఆవకాయకు బూజు పట్టిందనో, వెండి సామాను నల్లబడిందనో ఉంటాయి. ఇది వేరే రకం. ఆ సోదరి వాళ్లది కమ్మరుల ఇల్లు. మామగారి రోజుల్లో నాగళ్లకు కర్రులూ, కొడవళ్లూ చేసేవారట. ట్రాక్టర్లు వచ్చాక ఆ గిరాకీ పోయింది. ఇప్పుడు మొగుడూ పెళ్లాం కలిసి పాత లారీల కమాను పట్టీలు తెచ్చి, కూరగాయలు తరిగే చాకులు, కత్తిపీటలకు కత్తులు చేసి అంగళ్లలో అమ్ముకుంటున్నారు. ఆయన కొలిమిలో కాల్చి సుత్తితో సాగదీసి ఇస్తారు. ఎమరీ పట్టా తిరిగే మోటారు సాన మీద దాన్ని నునుపు చేసి పక్కలు దింపే పని ఈమెది.

బాధ అక్కడే. చాకు చిన్నది. దానికింకా పిడి వెయ్యలేదు. ఉత్త ఇనుప రేకును నాలుగు వేళ్లతో అదిమి పట్టుకుని పట్టాకు ఆనించాలి. అర నిమిషంలో చుర్రుమంటుంది. వేళ్ల కొసలన్నీ బొబ్బలేనట. ఒకసారి చాకు జారి, గోరు సగం చెక్కుకుపోయిందట. "రాత్రి అన్నం కలిపి బిడ్డకు పెట్టబోతే కారం మండుతది అక్కా" అని రాశారు. ఆ మాట చదివాక మరో ఉత్తరం విప్పబుద్ధి కాలేదు.

ఆమె మరిది దుబాయి నుంచి వస్తూ బిళ్లల్లాంటి అయస్కాంతాలు రెండు తెచ్చాడు. ఒకదాన్ని చెక్కకు బిగించి, దానికి చాకును అతికించి సాన పట్టుకోమన్నాడు. ఫోనులో ఎవరో అలా చేస్తుంటే చూశాడట. ఇంట్లో పెద్దవాళ్లేమో సూదంటురాయి తగిలితే కత్తి పదును పోతుందంటున్నారు. ఎవరి మాట వినాలి అని ప్రశ్న.

మరిది మాటే వినండి చెల్లెమ్మా. అయస్కాంతం తగిలినంత మాత్రాన పదును పోదు. చాకుకు కాస్త అయస్కాంత గుణం అంటుతుంది, అంతే. దానివల్ల ఇనుప రజను అంచుకు పట్టుకుని వేలాడుతుంది గనుక, అమ్మేముందు సబ్బునీళ్లతో కడిగి గుడ్డతో గట్టిగా తుడిస్తే సరిపోతుంది. చేత్తో కత్తులు చేసేవాళ్లు చాలా దేశాల్లో ఇలాంటి అయస్కాంతపు చెక్కలు వాడుతున్నారు.

అయితే ఆ చెక్క చేసుకోవడంలో ఒక కిటుకు ఉంది. ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మను ఎప్పుడైనా గమనించారా? ఎదురుగా లాగితే ఓ పట్టాన ఊడదు. పక్కకు నెడితే సులువుగా జారిపోతుంది. కత్తి విషయంలోనూ ఇంతే. పట్టా కత్తిని లాగేది ఎదురుగా కాదు, పక్కకు. తిరిగే పట్టా కిందికి గుంజుతుంది, చాకు చెక్క మీద నుంచి జారి కాళ్ల మీద పడుతుంది. కాబట్టి అయస్కాంతాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. చెక్క కింది అంచున కత్తి మందానికి తక్కువగా ఉండే సన్నని బద్ద ఒకటి మేకులతో కొట్టించండి. చాకు వీపు దాని మీద ఆనుకుంటుంది, కిందికి జారదు. అయస్కాంతాన్ని చెక్కలో గుంట తీసి దింపాలి, పైకి పొడుచుకు రాకూడదు. మీ వేళ్లు చెక్క వెనకాల ఉంటాయి, పట్టాకు దూరంగా.

ఇనుప రజను ఎలాగూ అయస్కాంతానికి గడ్డంలా పట్టేస్తుంది. దాన్ని గోళ్లతో గీకుతూ కూర్చోనక్కర్లేదు. ముందే చెక్కకు పాలిథీన్ కవరు తొడిగి పని మొదలుపెట్టండి. అయిపోయాక కవరును తిరగేసి లాగితే రజనంతా దాంతోపాటే వచ్చేస్తుంది. ఈ ఉపాయం నాకు మహా నచ్చింది.

ఇప్పుడు అసలు మాట. ఇంతకాలం ఆ వేళ్లు కాలడం ఒకరకంగా కత్తిని కాపాడింది. వేలికి 50, 60 డిగ్రీలకే చుర్రుమంటుంది, వెంటనే తీసి నీళ్లలో ముంచుతాం. చెక్క పట్టుకున్నాక ఆ హెచ్చరిక ఉండదు. హాయిగా ఉంది కదా అని అలాగే అదిమి ఉంచితే పలచని అంచు వేడెక్కిపోతుంది. ఉక్కు 220 డిగ్రీల ప్రాంతంలో ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత వంకాయ రంగు, 300 దగ్గర నీలం. అంచు నీలం తిరిగిందంటే మీ ఆయన కొలిమిలో కాల్చి, నీళ్లలోనో నూనెలోనో ముంచి పెట్టిన గట్టిదనం అక్కడ పోయినట్టే. చూడ్డానికి కత్తి తళతళలాడుతుంది, నాలుగు టమోటాలకే మొద్దుబారుతుంది. తీగపాకం కాస్తా ముదురుపాకం అయిపోయాక మళ్లీ వెనక్కి తెస్తామా? ఇదీ అంతే, మళ్లీ కొలిమికి పోవాల్సిందే.

కాబట్టి పక్కనే బకెట్టు నీళ్లు పెట్టుకోండి. పట్టా మీద ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు లాగడం, ముంచడం. రంగు తిరిగే దాకా ఆగడం కాదు, లెక్కపెట్టుకుని ముంచాలి. తడి ఆరుతూ కనబడితే వేడెక్కిందని గుర్తు. వేడికి అయస్కాంతం కూడా దెబ్బతింటుంది. ఇప్పుడొస్తున్న చిన్న బిళ్లల్లో మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి. అంచు పూర్తిగా తేలేదాకా మోటారు మీద పట్టవద్దు. కాస్త మందం ఉండగానే ఆపి, చివరి పదును తడి సానరాయి మీద చేత్తో తీయండి. అప్పుడు అయస్కాంతంతో పనే లేదు.

కళ్లజోడు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. చీర కొంగు నడుముకు బిగించండి, జడ ముడి వేయండి, గాజులు తీసి పక్కన పెట్టండి. చేతికి గుడ్డ తొడుగులు మాత్రం వద్దు. తిరిగే సాన గుడ్డను పట్టుకుందంటే చేతిని కూడా లాక్కుపోతుంది.

మీ ఉత్తరం మీద ఊరి పేరు చూడగానే నాకు మరో ఊరు గుర్తొచ్చింది. బాల్కొండ దగ్గర్లోనే ఉంది కోనసముద్రం, కమ్మర్‌పల్లి వైపు. ఒకప్పుడు అక్కడ మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక దేశం నుంచి వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలు ఉండేవి, వాటినే డమాస్కస్ కత్తులని లోకం పొగిడింది. సర్వే పనిలో తిరిగిన హెన్రీ వోయ్సీ అనే డాక్టరు ఆ పనిని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో పోయాక, 1832లో ఆ వ్యాసం కలకత్తాలో అచ్చయింది. ఇంగ్లీషువాళ్లు 'వుట్జ్' అని పిలిచిన మాట మన 'ఉక్కు' లోంచి పుట్టిందేనని పండితులు చెబుతారు. మరి ఆ ఉక్కును అడ్డగోలుగా కాల్చి కొడితే చిట్లిపోయేదట, ఐరోపా కమ్మరులు చాలామంది అక్కడే బోల్తా పడ్డారు. వేడి దగ్గర ఓపిక లేకపోతే ఎంత మంచి ఉక్కయినా నిలవదన్నమాట.

మీ ఆయనకూ ఆ రెండో బిళ్ల పనికొస్తుంది. కత్తిని కాల్చేటప్పుడు ఎంత ఎరుపెక్కాక ముంచాలన్నది కళ్లతో పోల్చుకోవడం కష్టం, ఎండ వెలుగులో ఒకలా, చీకట్లో ఒకలా కనబడుతుంది. సుమారు 770 డిగ్రీలు దాటితే ఇనుము అయస్కాంతానికి అతుక్కోదు. బిళ్లను పొడుగాటి కడ్డీ చివర కట్టి, కాలిన కత్తికి ఓ క్షణం తాకించి చూడమనండి. అతుక్కోవడం మానేశాక ఇంకొంచెం కాలనిచ్చి ముంచాలి.

మిగిలిన సోదరీమణులు "మాకేం కొలిమి ఉంది" అనుకోకండి. వీధిలో సాన పట్టే అతను వచ్చినప్పుడు మీ చాకు అంచు నీలం తిరుగుతోందేమో ఓ కన్నేసి ఉంచండి. నిప్పురవ్వలు జోరుగా లేచినంత మాత్రాన పదును బాగా వచ్చినట్టు కాదు. మధ్యమధ్య నీళ్లలో ముంచమని అడగండి, తప్పులేదు. ఇంకో సంగతి. స్టీలు గరిటెలు, గిన్నెలు చాలావరకు అయస్కాంతానికి అంటవు గానీ మంచి స్టీలు చాకు అంటుతుంది. చాకుకు గట్టిదనం రావాలంటే వేరే రకం స్టీలు కావాలి, అది అయస్కాంతానికి అంటే రకం. కొనేటప్పుడు చాకు అంటుకుందని నాసిరకమని పారేయకండి.

గోడకు బిగించే అయస్కాంతపు పట్టీలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. చాకును ముందు వీపువైపు ఆనించి, తర్వాత పక్కకు వాల్చాలి. తీసేటప్పుడు కూడా వీపు మీదే తిప్పి తీయాలి, ఈడిస్తే అంచు దెబ్బతింటుంది. పొయ్యి పైన మాత్రం బిగించకండి.

చెల్లెమ్మా, పని అయిపోయాక ఆ రెండు బిళ్లలూ బిడ్డకు అందనంత ఎత్తున డబ్బాలో పెట్టి మూత బిగించండి. పిల్లలు ఇలాంటివి రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో పేగును నొక్కి చిల్లు పెడతాయి. మింగారేమోనన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి. ఇంట్లో గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్న పెద్దవాళ్లుంటే వాళ్ల దగ్గరికీ వీటిని తీసుకెళ్లకండి.

బొబ్బలు మానేదాకా సాన పనికి సెలవు పెట్టండి. ఆ చెక్క ఎలా కుదిరిందో రాయండి, కింద బద్ద కొట్టించడం మరిచిపోరు కదూ.