కబోర్డు, ఇస్కూలు: ఏది అపభ్రంశం?

ఈ మధ్య మా బంధువుల ఇంట ఒక చిన్న సంఘటన జరిగింది. ఆంగ్ల మాధ్యమంలో చదివే పిల్లవాడు తరగతిలో పాఠం చదువుతూ "కప్‌బోర్డ్" అన్నాడట. పంతులమ్మ వాడిని అందరి ముందూ నిలబెట్టి "కబర్డ్" అని పదిసార్లు అనిపించిందట. ఆ సాయంత్రం నాయనమ్మ "ఇస్కూల్లో ఏం చెప్పారురా?" అని అడిగితే, వాడు ఆవిడ మాటకు పకపకా నవ్వాడు. తనకు జరిగిన అవమానాన్ని ఇంట్లో పెద్దావిడకు అప్పగించాడన్నమాట. నన్ను బాధించినది ఆ నవ్వే.

ఇంతకూ ఆ పదం కథ ఏమిటి? కప్, బోర్డ్ అనే రెండు నామవాచకాల సమాసమది. మొదట కప్పులుంచే బల్ల అని అర్థం. నేడు తలుపులున్న అలమర. ఆంగ్ల సమాసాలలో ఊనిక సాధారణంగా పూర్వపదం మీద పడుతుంది. ఇక్కడ ఊనిక లేని ఉత్తరపదంలో అచ్చు క్షీణించింది. పకారం పక్కనున్న బకారంలో లీనమైంది. "బోర్డ్" కాస్తా "బర్డ్" అయింది. వ్రాత మాత్రం మారలేదు. "బోట్‌స్వెయిన్" అని వ్రాసి "బోసన్" అని పలకడమూ ఇటువంటిదే.

మనమూ వంట, ఇల్లు కలిపి "వంటిల్లు" అన్నాం. అచ్చు లోపించిందని వ్రాతలోనే ఒప్పుకున్నాం, దానికి అత్వసంధి అని పేరూ పెట్టుకున్నాం. వాళ్ళు వ్రాతలో ఒప్పుకోలేదు. ఆ తేడాకు శిక్ష అనుభవించవలసినది మన పిల్లవాడా?

వ్రాతను చూసి పలకడం అజ్ఞానమని కొందరు విజ్ఞులు వాదిస్తారు. అయితే "ఫోర్‌హెడ్" మాటేమిటి? ఇంగ్లండులో ఒకప్పుడు దానిని "ఫారిడ్" అనేవారు. తరువాత వ్రాతను చూసి పలికే అలవాటు బలపడి "ఫోర్‌హెడ్" స్థిరపడింది, నిఘంటువులకెక్కింది. దొరలు చేస్తే భాషా పరిణామం, మన పిల్లవాడు చేస్తే తప్పూనా?

ఇక నాయనమ్మ విషయం. అచ్చతెలుగు మాట సకారంతో కూడిన సంయుక్తాక్షరంతో మొదలుకాదు, సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. అందుకే ఆవిడ ముందొక ఇకారం, చివర ఒక ఉకారం చేర్చి "ఇస్-కూ-లు" అని మూడు చక్కని అక్షరాలుగా విడదీసింది. లాటిను "స్కోలా"కు ముందొక అచ్చు చేర్చుకునే స్పానిష్ వారు "ఎస్కువేలా" అన్నారు. వారిని చూసి ఎవరూ నవ్వరు. ఆవిడకు వ్యాకరణం పేరు తెలియదు, అంతే, వ్యాకరణం తెలుసు.

ఆంగ్ల పాఠంలో ఆంగ్ల ఉచ్చారణ నేర్పవలసిందే, కాదనను. కానీ ఎందుకు అలా పలుకుతారో చెప్పి నేర్పడం చదువు. నిలబెట్టి నవ్వించడం చదువు కాదు. తెలుగింటికి వచ్చిన మాట తెలుగు కట్టుకోవడంలో తప్పు లేదు. "కబోర్డులో పెట్టు" అన్న వాక్యంలో ఆ మాట మనదే. దానికి తీర్పు చెప్పవలసినది మన నోరు, పరాయి నిఘంటువు కాదు.

ఆ పిల్లవాడికి ఇదంతా చెప్పాను. చివరికి వాడడిగిన ప్రశ్న ఒక్కటే: "అయితే నాయనమ్మ కరెక్టేనా?"

కరెక్టేరా నాయనా. ముందు వెళ్ళి ఆవిడకు ఆ మాట చెప్పు.