మిత్రుడి కోసం ఆగినవాళ్లు

టీనేజీ కుర్రాడొకడు భోజనాల బల్ల దగ్గర అమ్మానాన్నలతో వాదిస్తున్నాడు. చదువు మానేస్తాడట, గిటారు వాయించుకుని బతుకుతాడట. యుగోస్లావియా నుంచి కెనడాకు వలసవచ్చిన ఆ దంపతులకు ఈ మాట మింగుడుపడటం లేదు. బిడ్డ చదువుకుని తమకన్నా బాగా బతకాలన్నది వాళ్ల ఆశ. ఇది నటన కాదు. 1970ల తొలినాళ్లలో అలన్ కింగ్ అనే దర్శకుడి కెమెరాకు చిక్కిన నిజమైన గొడవ. ఆ కుర్రాడే తరవాత అలెక్స్ లైఫ్‌సన్‌గా పేరు తెచ్చుకున్నాడు. కెనడా రాక్ బృందం ‘రష్’ చరిత్రను ‘రష్: బియాండ్ ద లైటెడ్ స్టేజ్’ పేరుతో డాక్యుమెంటరీగా తీసిన శామ్ డన్, స్కాట్ మెక్‌ఫాడ్యెన్ ఈ పాత దృశ్యాన్ని వెతికి తెచ్చి అందులో చేర్చారు. 2010లో ట్రైబెకా చిత్రోత్సవంలో ప్రేక్షకుల అవార్డు అందుకున్న చిత్రమిది. అన్ని వేల కచేరీలు చేసిన బృందం గురించి చెబుతూ, దర్శకులు ఇంటి భోజనాల బల్లకూ చోటివ్వడం మనసుకు పట్టింది.

రష్ 1968లో టొరంటోలో పుట్టింది. వేదిక మీద ముగ్గురే. మన బుర్రకథలో కథకుడూ ఇద్దరు వంతలూ కలిసి యుద్ధాలూ పట్టాభిషేకాలూ కళ్లకు కట్టించినట్టు, ఈ ముగ్గురూ పెద్ద ఆర్కెస్ట్రా వాయించాల్సినంత సంగీతాన్ని వినిపించేవారు. గెడ్డీ లీ బేస్ గిటారు వాయిస్తూ, పాడుతూ, కాళ్లతో పెడళ్లు నొక్కి మరో వరస పలికించేవాడు. ఐదు, ఏడు మాత్రల లెక్కలో నడిచే లయలు, రికార్డు ఒక పక్కంతా సాగే పాటలు, వైజ్ఞానిక కల్పనా కథలు వీరి సొత్తు. ప్రోగ్రెసివ్ రాక్ అంటే స్థూలంగా ఇదే. ‘వైవైజడ్’ అనే మాటల్లేని రచనకు టొరంటో విమానాశ్రయం సంకేతాక్షరాల మోర్స్ కోడే లయ. 2002లో బ్రెజిల్ వెళ్లినప్పుడు, సాహిత్యమే లేని ఆ రచనను అక్కడి జనం వాయిద్యాలతో పాటు గొంతెత్తి పాడారు!

గెడ్డీ లీ తల్లిదండ్రులిద్దరూ నాజీల నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డ పోలండ్ యూదులు. పన్నెండేళ్లకే అతను తండ్రిని పోగొట్టుకున్నాడు. మూడోవాడు నీల్ పియర్ట్. తండ్రి నడిపే వ్యవసాయ పరికరాల దుకాణంలో విడిభాగాలు అమ్ముతుండేవాడు. 1974లో తొలి డ్రమ్మర్ జాన్ రట్సీ తప్పుకొన్నాక, పియర్ట్ డొక్కు కారులో, చెత్తడబ్బాల్లో సర్దుకున్న డ్రమ్ములతో వచ్చి వాయించి చూపాడు. చేరిన రెండు వారాలకే పిట్స్‌బర్గ్‌లో వేలమంది ముందు కచేరీ. పుస్తకాల పురుగు గనక పాటలు రాసే పనీ అతనికే అప్పగించారు.

మూడో ఆల్బమ్ అమ్ముడుపోలేదు. రేడియోలో మోగే చిన్న పాటలు చేయండని రికార్డు సంస్థ పట్టుబట్టింది. మునిగితే మునిగామని, 1976లో ఇరవై నిమిషాల ‘2112’ను ఒక పక్క నిండా చేసి పెట్టారు. అదే వాళ్లను నిలబెట్టింది. విమర్శకులు మాత్రం ఏళ్ల తరబడి వెక్కిరించారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కడానికి 2013 దాకా పట్టింది. డాక్యుమెంటరీలో బిల్లీ కోర్గన్ ఒక మాట చెబుతాడు. తర్వాత తానే పెద్ద రాక్ గాయకుడైన కోర్గన్ కుర్రతనంలో అమ్మను కూర్చోబెట్టి రష్ పాట వినిపించాడట. తాను చెప్పలేకపోతున్నది ఆ పాట చెప్పిందని. ఇలాంటి శ్రోతలు ఉన్న బృందానికి పత్రికల ఆదరణ లేకున్నా కచేరీలు నిండడంలో వింతేముంది!

ఈ చిత్రాన్ని మేం మనసులో దాచుకున్నది మరో కారణానికి. 1997 ఆగస్టులో పియర్ట్ ఒక్కగానొక్క కూతురు సెలీనా కారు ప్రమాదంలో పోయింది. పది నెలలు తిరిగేసరికి భార్య జాకీ క్యాన్సర్‌తో కన్నుమూసింది. ఇక నన్ను లెక్కలోంచి తీసేయమని మిత్రులకు చెప్పి, మోటారుసైకిలెక్కి అలాస్కా నుంచి మెక్సికో దాకా దాదాపు 88 వేల కిలోమీటర్లు తిరిగాడు. అప్పటికి ఆ బృందం పేరుకు ఉన్న విలువ తక్కువేమీ కాదు. మరో డ్రమ్మర్‌ను కూర్చోబెట్టి కచేరీలు చేసుకోవచ్చు. లీ, లైఫ్‌సన్ ఆ పని చేయలేదు. ఎప్పుడొస్తావని అడిగిందీ లేదు. వస్తాడన్న భరోసా లేకుండానే ఆగారు. ఈ భాగానికి వచ్చేసరికి దర్శకులు తొందరపడలేదు, కన్నీళ్ల కోసం సాగదీయనూ లేదు. పెద్దవయసు మగవాళ్లు తమ స్నేహితుడి దుఃఖం గురించి అంత నెమ్మదిగా, అంత మర్యాదగా మాట్లాడటం తెరమీద అరుదుగా చూస్తాం.

పియర్ట్ 2001లో తిరిగొచ్చాడు. అంతకుముందే, డ్రమ్ముల వాయింపులో ప్రపంచం ఆయన్ను గురువుగా చూస్తున్న రోజుల్లో, నలభై దాటాక, ఫ్రెడ్డీ గ్రూబర్ అనే పెద్దాయన దగ్గర శిష్యుడిగా చేరి పుల్లలు పట్టుకోవడం మొదటినుంచీ నేర్చుకున్న మనిషి. ఈసారి బతకడమే మొదటినుంచీ నేర్చుకోవలసి వచ్చింది.

డాక్యుమెంటరీ తరవాతి కథ ఇంకొంత ఉంది. 2015 ఆగస్టు 1న లాస్ ఏంజెలిస్‌లో ముగ్గురూ కలిసి చివరి కచేరీ చేశారు. మరుసటి ఏడాది పియర్ట్‌కు మెదడు క్యాన్సరని తేలింది. ఎవరికీ తెలియకూడదన్నది ఆయన కోరిక. మూడున్నరేళ్లు ఆ ఇద్దరూ పెదవి విప్పలేదు. 2020 జనవరి 7న ఆయన మరణించాకే లోకానికి తెలిసింది. 2025 అక్టోబరులో, జర్మన్ డ్రమ్మర్ అనికా నిల్లెస్‌తో 2026లో మళ్లీ పర్యటిస్తామని ఇద్దరూ ప్రకటించారు. పియర్ట్ కుటుంబం మనసారా అంగీకరించింది.

సంగీత బృందాల డాక్యుమెంటరీల్లో సగం, అవి ఎలా విడిపోయాయో చెప్పడానికే సరిపోతాయి. ఇది కలిసి ఉన్నవాళ్ల కథ. రాక్ చెవికెక్కనివారూ చూడదగ్గది. చూశాక ఒక్క పాటైనా వినాలనిపిస్తే 2002 నాటి ‘వేపర్ ట్రెయిల్స్’ ఆల్బమ్ తీసుకోండి. మొదట వినిపించేవి పియర్ట్ డ్రమ్ములే.